డ్రాయర్‌లో బొటనవేళ్లు

తణుకులో ఒక ఆడిటర్ గారి దగ్గర నాలుగేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. నా టేబుల్ కింది డ్రాయర్‌లో ఒక పూతరేకుల డబ్బా ఉండేది. పూతరేకులు ఎప్పుడో అయిపోయాయి. అందులో ఉన్నవి ముప్పై ఏడు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు. మేం డాంగిల్ అనేవాళ్లం, క్లయింట్లు డిజిటల్ కీ అనేవాళ్లు. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లాగే ఉంటుంది. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో ఒక చీటీ చుట్టి ఉండేది. చీటీ మీద ఆసామీ పేరు, కంపెనీ పేరు, గడువు తేదీ, అడుగున ఎర్ర ఇంకుతో పిన్. సగానికి పైగా పిన్‌లు టోకెన్‌తో పాటు వచ్చినవే, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలు. మారిస్తే మర్చిపోతామని భయం.

ప్రతి నెలా 20వ తారీఖు సాయంత్రం ఆ డబ్బా టేబుల్ మీదికొచ్చేది. జీఎస్‌టీ త్రీబీ అనే నెలవారీ రిటర్న్‌కి ఆఖరి రోజు. కంపెనీ దాఖలు చేసే రిటర్న్‌కి డిజిటల్ సంతకం కావాలి. డాంగిల్ గుచ్చు, పిన్ కొట్టు, సబ్మిట్ నొక్కు, పీకు, ఇంకోటి గుచ్చు. పోర్టల్ గిర్రున తిరుగుతూ ఉంటే ఆ గ్యాప్‌లో టీ. రాత్రి తొమ్మిదయ్యేసరికి పాతికమంది పెద్దమనుషుల సంతకాలు నా చేత్తో అయిపోయేవి. వాళ్లలో ఒక్కరు కూడా గదిలో ఉండేవారు కారు. ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. తోచింది ఒక రైసు మిల్లు పెద్దాయన వల్ల.

ఆ మిల్లు ఇద్దరు అన్నదమ్ములది, ప్రైవేట్ లిమిటెడ్. ఇద్దరి డాంగిళ్లూ మా డబ్బాలోనే ఉండేవి. ఒకరోజు తమ్ముడు గారు ఫోన్ చేసి, "మా బావమరిదిని కూడా డైరెక్టరుగా చేరుస్తున్నామండి. అన్నయ్యతో మాట్లాడేశాను. ఆయన డిజిటల్‌తో ఫారం పంపించెయ్యండి" అన్నారు. కాగితాలన్నీ మెయిల్‌లో వచ్చాయి. మా సార్ ఊళ్లో లేరు. ఫోన్ చేస్తే "చేసెయ్" అన్నారు. చేసేశాను. డీఐఆర్-12 అని చిన్న ఫారం. పిన్ కొట్టింది నేనే.

మూడు వారాల తర్వాత పెద్దాయన ఆఫీసుకొచ్చారు, చేతిలో ఆ ఫారం ప్రింటుతో. కేకలేం వెయ్యలేదు. కూర్చుని, కాగితం నా ముందు పెట్టి, సంతకం గడి మీద వేలు ఆనించి, "బాబూ, ఇది నా సంతకం కాదు" అన్నారు. నేను సిస్టమ్‌లో ఫైలు తెరిచి సంతకం మీద క్లిక్ చేశాను. ఆయన పేరు, తేదీ, సాయంత్రం 6:42 అని టైమూ కనిపించాయి. సంతకం చెల్లుతుంది, సంతకం తర్వాత ఈ పత్రంలో ఏ మార్పూ జరగలేదు అని కూడా చూపించింది. "ఆ టయానికి నేను తిరుమలలో క్యూలో ఉన్నానయ్యా. సెల్లు కూడా లాకర్‌లో పెట్టేశాను" అన్నారాయన.

కంప్యూటర్ చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెప్పిందీ అంతే నిజం. ఆ రెండు నిజాల మధ్య నేను కూర్చుని ఉన్నాను.

ఆ ఇంటి గొడవ పెద్దల్లో తేలిపోయింది, కోర్టు దాకా వెళ్లలేదు. కానీ అసలు ఆ డిజిటల్ సంతకం వెనకున్న లెక్క ఏం హామీ ఇస్తోందో తెలుసుకోవాలనే పట్టుదల నాకు ఆ రోజే మొదలైంది. తెలుసుకున్నాక నాకొచ్చిన అభిప్రాయం ఇది: మనం ఒక అద్భుతమైన లెక్కని కొనుక్కుని, దాని రెండు చివర్లూ తెగ్గొట్టేసి, మధ్య ముక్కని మాత్రం వాడుకుంటున్నాం. పెట్టేవాడు పెట్టడు, చూడాల్సినవాడు చూడడు.

ముందు లెక్క. సెల్‌ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు.

33 అనే సంఖ్యనీ, 3 అనే అంకెనీ నేను ఊరందరికీ చెప్పేస్తాను. ఆ జత నా పబ్లిక్ కీ. 7 అనే అంకెని మాత్రం ఎవరికీ చెప్పను. అది నా ప్రైవేట్ కీ. ఇప్పుడు నేను సంతకం పెట్టాల్సిన పత్రాన్ని పిండి ఒక చిన్న సంఖ్యగా చేశాననుకుందాం, 4 వచ్చింది. నాలుగుని ఏడుసార్లు వేసి ఒకదాంతో ఒకటి గుణిస్తే 16,384. దాన్ని 33తో భాగిస్తే శేషం 16. ఈ 16 నా సంతకం. పత్రంతో పాటు పంపేస్తాను.

అందుకున్నాయనకి నా 7 తెలియదు, తెలియక్కర్లేదు. ఆయన 16ని మూడుసార్లు వేసి గుణిస్తాడు, 4,096 వస్తుంది. 33తో భాగిస్తాడు, శేషం 4. తనకి అందిన పత్రాన్ని తనూ అలాగే పిండుతాడు. 4 వస్తే పత్రం చెక్కుచెదరలేదు, పంపింది 7 తెలిసినవాడే. దారిలో ఎవడో అంకె మార్చాడనుకోండి, పిండితే 5 వస్తుంది, కానీ నా 16 లోంచి ఎప్పటికీ 4 మాత్రమే వస్తుంది. దొరికిపోతాడు. 5కి సరిపోయే సంతకం 14. అది కట్టాలంటే 7 తెలిసి ఉండాలి. (కావాలంటే 14ని మూడుసార్లు గుణించి చూడండి. 2,744. శేషం 5.)

33 అయితే ఏడో తరగతి పిల్లాడు కూడా 3, 11గా విడగొట్టి, ఆ రెండిటితో నా 7ని బయటికి లాగేస్తాడు. మా డబ్బాలోని డాంగిళ్లలో 33 ఉండాల్సిన చోట 2048 బిట్ల సంఖ్య ఉంటుంది, అంటే 617 అంకెలు. దాన్ని విడగొట్టే దారి ఈనాటికి ఎవరి చేతిలోనూ లేదు. 1976లో డిఫీ, హెల్‌మన్ ఈ రెండు కీల ఆలోచనని ప్రచురించారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ దాన్ని పైన చేసినలాంటి లెక్కగా మలిచారు. బ్రిటిష్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ అనే ఆయన 1973లోనే ఇదే కనిపెట్టి కూడా 1997 దాకా బయటికి చెప్పుకోలేకపోయాడు. పాపం అనిపిస్తుంది నాకు ఆయన్ని తలచుకుంటే.

పత్రాన్ని పిండడం అన్నాను కదా, దాన్ని హ్యాష్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది షా-256. నాలుగు లైన్ల ఉత్తరమైనా, నాలుగొందల పేజీల దస్తావేజైనా ఒకే పొడవున్న పిప్పి చేతికొస్తుంది, 64 అక్షరాలు. కామా మారిస్తే చాలు, మొత్తం మారిపోతుంది. ఈ-ఇన్వాయిస్ మీద ఐఆర్ఎన్ అని ఒక పొడుగాటి గోల ఉంటుంది చూడండి, అది అదే. అమ్మేవాడి జీఎస్‌టీ నంబరు, బిల్లు నంబరు, బిల్లు రకం, ఆర్థిక సంవత్సరం కలిపి పిండిన హ్యాష్. పాత పిండే యంత్రాలు చెడిపోయాయి కూడా. ఎండీ5 పని 2004లో అయిపోయింది. షా-1తో ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు 2017లో గూగుల్ వాళ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ వాళ్లు కలిసి చేసి చూపించారు.

ఉత్త హ్యాష్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. డౌన్‌లోడ్ లింకు పక్కనే హ్యాష్ రాసి పెడతారు, సరిచూసుకోమని. ఆ సైట్‌లోకి దొంగ దూరితే ఫైలు మార్చినవాడు పక్కనున్న హ్యాష్ మార్చడా? 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌ని హ్యాక్ చేసి, జనాన్ని దొంగ ఫైలు వైపు మళ్లించారు. అలాంటప్పుడు అదే పేజీలో ఉన్న హ్యాష్‌ని నమ్ముకోవడం అంటే దొంగనే తాళం సరిగ్గా పడిందా అని అడగడం. హ్యాష్ మార్పుని పట్టిస్తుంది. రాసింది ఎవరో చెప్పాలంటే మాత్రం ప్రైవేట్ కీ పడాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. ప్రైవేట్ కీతో ఎన్‌క్రిప్ట్ చెయ్యడమే సంతకం అని చాలామంది పాఠం చెప్తారు. నాకా వాక్యం గిట్టదు. విన్నవాడు సంతకం పడ్డ పత్రం రహస్యం అనుకుంటాడు. కాదు. సంతకం పడ్డ పత్రాన్ని ఊళ్లో దండోరా వేయించవచ్చు. దాచడం వేరే పని, దానికి వేరే లెక్క.

ఈ సంతకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇంకోటి ఉంది. దాన్ని చెప్పడానికి తూర్పు చాళుక్యుల రాగిరేకుల దగ్గరికి వెళ్లాలి. వేంగి రాజులు దానం ఇస్తే రాగిరేకుల మీద చెక్కించి, రేకులన్నిటికీ బెజ్జం కొట్టి, ఒక కడియంలో గుచ్చి, ఆ కడియం రెండు కొసలూ ముద్రలోకి దిగేలా బిగించేవాళ్లు. ముద్ర మీద వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. ఒక రేకు తీసెయ్యాలన్నా, కొత్తది దూర్చాలన్నా కడియం కొయ్యాల్సిందే. అందుకే శాసనాలు చదివిన పండితులు రేకుల పొడవు వెడల్పులతో పాటు, తమ చేతికొచ్చేసరికి కడియం కోసి ఉందా లేదా అని కూడా రాసిపెట్టేవాళ్లు. సందేశం చెక్కుచెదరలేదని చూపించడానికి మనవాళ్లు చేసుకున్న మంచి ఏర్పాటు అది.

కానీ ఆ ముద్రకి ఒక లోపం ఉంది. అది అన్ని దానాల మీదా ఒకటే. ఒక శాసనం ముద్రని చూసి అచ్చు దింపగలిగిన కంసాలి ఎన్ని దొంగ దానాలైనా పుట్టించగలడు. దొంగ రాగిశాసనాలు మన దేశంలో బోలెడు దొరికాయి. ఆఫీసు రబ్బరు స్టాంపు కథా అంతే, చేతిరాత సంతకం కథా అంతే. ఒక కాగితం మీద ఉన్నది చూసి ఇంకో కాగితం మీద దింపొచ్చు. డిజిటల్ సంతకం అలా కాదు. 4కి 16, 5కి 14. ప్రతి పత్రానికీ వేరే సంతకం, ఆ పత్రంలోని మాటల్లోంచే పుట్టేది. ఒకదాని మీది సంతకం కోసి ఇంకోదానికి అతికిస్తే అతకదు. ముద్రనీ సందేశాన్నీ విడదీయలేని స్థితి మనిషి చరిత్రలో ఇదే మొదటిసారి అని నా నమ్మకం.

ఇంత గట్టి వస్తువుని మేం పూతరేకుల డబ్బాలో పెట్టాం.

దీనికి సగం కారణం 'కీ' అన్న పేరే అని నా వాదన. తాళంచెవి అనగానే మన బుర్రలో ఒక అలవాటు లేస్తుంది. ఊరెళ్తే పక్కింటి పిన్నిగారికి ఇస్తాం. షాపు తాళాలు గుమస్తాకి ఇస్తాం. తాళంచెవి అంటేనే నమ్మకమైన మనిషికి ఇవ్వదగ్గ వస్తువు. అదే ఈ టోకెన్‌ని మొదట్లోనే 'వేలు' అని పిలిచి ఉంటే? "మీ బొటనవేలు మా డ్రాయర్‌లో పెట్టుకుంటామండీ, గడువు అయ్యేదాకా" అంటే ఏ మిల్లు యజమాని ఒప్పుకుంటాడు? చదువురానివాళ్లు నిశాని వేసే రోజుల్లో కూడా మనిషి లేకుండా వేలు ఒక్కటీ కరణం గారింటికి వెళ్లలేదు. ఏకలవ్యుడు ఒక్కడే ఇచ్చాడు, ఆయనకి కూడా గురువు అడిగింది తన వేలేనని తెలుసు.

ఇది మా ఆఫీసు సంగతే అనుకుంటే పొరపాటు. పంచాయతీ బిల్లులకి సర్పంచ్ డిజిటల్ కీ కావాలి కదా, మీ ఊళ్లో ఆ కీ ఎవరి జేబులో ఉందో ఒకసారి కనుక్కోండి. గెలిచింది ఆవిడ, జేబు ఆయనది.

చట్టం మాత్రం వేలు అనే అనుకుంటోంది. 2000 నాటి ఐటీ చట్టం మూడో సెక్షన్‌లో అసిమెట్రిక్ క్రిప్టో సిస్టమ్, హ్యాష్ ఫంక్షన్ అన్న మాటలే రాసేశారు. పైన మనం చేసిన గుణకారాలు మన దేశపు చట్టంలో ఉన్నాయన్నమాట. 42వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ప్రైవేట్ కీని ఎవరిది వాళ్లు తగిన జాగ్రత్తతో తమ అదుపులో ఉంచుకోవాలి, చెయ్యి జారితే ఆలస్యం చెయ్యకుండా, ఆ కీకి సర్టిఫికెట్ ఇచ్చిన సర్టిఫైయింగ్ అథారిటీకి చెప్పాలి, చెప్పేదాకా బాధ్యత వాళ్లదే. కోర్టుకి వెళ్తే ఆ సంతకం ఆయనే, కావాలనే పెట్టాడన్న ఊహతో కేసు మొదలవుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆయనే. తిరుమల క్యూలో ఉన్నానని రూమ్ రసీదు, లడ్డూ టోకెన్ చూపించుకోవాలి. అప్పుడు కూడా "మరి కీ వాళ్లకెందుకిచ్చావు" అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఇంకో తమాషా. టోకెన్ ఇచ్చేముందు ఆసామీ చేత వీడియో తీయిస్తారు. మొహం కనపడాలి, పేరు చెప్పాలి, పాన్ కార్డు చూపించాలి. ఎవరి కీ వాళ్లకే చేరాలని అంత పట్టింపు. మా క్లయింట్లు మా ఆఫీసు బాల్కనీలో నిలబడి ఆ వీడియో తీయించుకుని, ఫోను జేబులో పెట్టుకుని, "డాంగిల్ వస్తే మీ దగ్గరే ఉంచండి" అని వెళ్లిపోయేవాళ్లు.

ఇలా రాస్తుంటే మా సార్ చదివితే ఏమంటారో నాకు తెలుసు. "నువ్వు చెప్పడం బాగానే ఉంది. మిల్లు వదిలేసి పెద్దాయన ప్రతి నెలా వచ్చి కూర్చుంటాడా? ఆ పోర్టల్, ఆ డ్రైవర్లు, ఆ సైనర్ సాఫ్ట్‌వేర్, ఆయన వల్ల అవుతుందా?" అవ్వదు. నా వల్లే అయ్యేది కాదు సగంరోజులు. టోకెన్ గుచ్చితే కనపడదు, కనపడితే సర్టిఫికెట్ చూపించదు, చూపిస్తే సెషన్ ఎక్స్‌పైర్ అయిపోతుంది. అరవై దాటినాయన్ని ఆ టెన్షన్ పడమనడం న్యాయం కాదు.

కానీ దానికి దారి లేకపోలేదు. జీఎస్‌టీలో ఆథరైజ్డ్ సిగ్నేటరీని చేర్చుకోవచ్చు. కంపెనీ తీర్మానం చేసి, ఫలానా మనిషి మా తరఫున సంతకం చేస్తాడు అని పెడితే, ఆ మనిషి తన పేరుతో, తన కీతో సంతకం చేస్తాడు. పొలం అమ్మకానికి జీపీఏ రాసిస్తాం కదా, వేలు కోసివ్వం కదా. అధికారం ఇవ్వడానికీ వేలు ఇవ్వడానికీ ఉన్న తేడా అదే. అప్పుడు 6:42కి సంతకం పెట్టింది నేనే అని పత్రమే చెప్తుంది, ఆయన క్యూలో హాయిగా గోవిందా అనుకోవచ్చు.

మరి ఎవరూ ఎందుకు చెయ్యరు? సోమరితనం అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. నా పేరు ఎక్కితే నేను జవాబుదారీ. మా సార్‌కి అది ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. క్లయింటుకి ఏమో "నేను చూడలేదండీ, అంతా ఆడిటర్ గారే" అనే వెసులుబాటు కావాలి. ఎవరు చేశారో తెలియకపోవడమే ఇరువైపులా అందరికీ పనికొస్తోంది. ఎవరు చేశారో కచ్చితంగా చెప్పడానికే పుట్టిన లెక్కని, ఎవరు చేశారో తెలియకుండా ఉండటానికి వాడుకుంటున్నాం.

ఇక రెండో చివర, అంటే చూడాల్సినవాళ్లు.

డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే సంతకం దగ్గర పసుపుపచ్చ ప్రశ్నార్థకం ఉంటుంది, సంతకం నిర్ధారణ కాలేదని. నెట్ సెంటర్‌లో అడిగితే "పచ్చ టిక్కు తెప్పిస్తాను, పది రూపాయలు" అంటారు. కుర్రాడు రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఈ సర్టిఫికెట్‌ని నమ్మదగినవాళ్ల జాబితాలో చేర్చు అని నొక్కుతాడు. టక్కున పచ్చ టిక్కు వస్తుంది. జరిగిందేమిటి? నమ్ము అని మనం చెప్పాం, నమ్మాను అని అది చెప్పింది. దీనికి పది రూపాయలు.

ఆ పసుపు గుర్తు అర్థం చాలామంది అనుకునేది కాదు. అక్కడ రెండు ప్రశ్నలున్నాయి. పత్రం మారిందా? మారలేదు, ఆ లెక్క సరిపోయింది. సంతకం చేసినవాడు ఫలానావాడే అని నాకెవరు చెప్పారు? అది పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, మన దేశపు రూట్ సర్టిఫికెట్ (అన్నిటికీ పైనున్న మూల సర్టిఫికెట్) అది నమ్మే జాబితాలో లేకపోతే తెలిసే దారీ లేదు. ఒకరోజు ఆఫీసులో ఖాళీగా ఉన్నప్పుడు, సంతకం ఉన్న ఒక పీడీఎఫ్ కాపీ తీసుకుని, బైట్లు చూపించే ఎడిటర్‌లో తెరిచి, ఒకే ఒక్క అక్షరం మార్చి సేవ్ చేశాను. మళ్లీ తెరిస్తే పసుపు పోయి ఎర్ర గుర్తు వచ్చింది, సంతకం తర్వాత పత్రం మారింది అని. పేజీలో నా కంటికి తేడా ఏమీ కనపడలేదు. ఆ ఎర్ర గుర్తు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ జీతం రోజూ కలగలేదు.

ఆ ఆనందం ప్రింటు తీసేదాకానే. కాగితం మీద పచ్చ టిక్కు ఉత్త రంగు. ఫొటోషాప్‌లో రెండు నిమిషాల పని. మనం చేసేది ఏమిటి? సంతకం ఉన్న ఫైలుని ప్రింటు తీసి, అక్కడే సంతకాన్ని చంపేసి, ఆ కాగితాన్ని జిరాక్స్ తీసి, లామినేషన్ చేయించి, కౌంటర్‌లో ఇస్తే, ఆయన దాని మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెమ్మంటాడు.

2021లో టీకా సర్టిఫికెట్ వచ్చినప్పుడు నాకు చాలా ఆశ కలిగింది. ఆ క్యూఆర్ కోడ్‌లో మన వివరాలతో పాటు డిజిటల్ సంతకం ఉంది. స్కాన్ చేసి సరిచూసుకోవడానికి పేజీ పెట్టారు. ప్రింటులో కూడా సంతకం చావకుండా ఉండే ఉపాయం అది. ఆధార్ క్యూఆర్‌లోనూ, ఈ-ఇన్వాయిస్ క్యూఆర్‌లోనూ ఉన్నది అదే. నన్ను ఆ సర్టిఫికెట్ అడిగిన మూడుచోట్లా ఫోను స్క్రీన్ వంక అర సెకను చూసి "వెళ్లండి" అన్నారు. ఇక ఈ-ఇన్వాయిస్ క్యూఆర్‌ని సరిచూసే ఉచిత యాప్ ఉందని మా క్లయింట్లలో నేను చెప్పినవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు, చెప్పినవాళ్లలో కూడా వాడింది ఒక్క ఇనుము వ్యాపారి. ఆయన అంతకు ముందు ఒక దొంగ బిల్లుతో ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే మినహాయింపు) పోగొట్టుకున్నాడు లెండి.

సరిచూడటానికి ఒక పబ్లిక్ కీ కావాలి, అది ఎవరిదో నిజంగా తెలియాలి. ఇదే ఈ మొత్తం ఏర్పాటులో మెత్తటి చోటు. మన దేశంలో పైన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, కింద లైసెన్సు ఉన్న అథారిటీలు. బ్యాంకుల కోసం మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ కూడా వాటిలో ఒకటి. వాళ్లు "ఈ కీ ఫలానా ఆయనది" అని తమ కీతో సంతకం చేసి ఇస్తారు. అంటే సంతకాన్ని నమ్మడానికి ఇంకో సంతకాన్ని నమ్మాలి. 2011లో డిజినోటార్ అనే డచ్చి సర్టిఫైయింగ్ కంపెనీలోకి హ్యాకర్లు దూరి ఐదొందలకి పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు, వాటితో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద నిఘా పెట్టారు. ఆ సెప్టెంబరులోనే కంపెనీ దివాలా తీసింది. 2014 జూలైలో మన ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ నడిపే అథారిటీ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ బయటపెడితే, మన కంట్రోలర్ ఎన్‌ఐసీకి ఇచ్చిన ఇంటర్మీడియట్ (మధ్య అంచె) సర్టిఫికెట్లని రద్దు చెయ్యాల్సి వచ్చింది. రెండుచోట్లా లెక్క తప్పలేదు, గుమ్మం దగ్గర మనుషులు తప్పారు. లెక్కని వాడటంలో తప్పులూ లేకపోలేదు. సోనీ తన ప్లేస్టేషన్ 3లో ప్రతి సంతకానికీ మార్చాల్సిన ఒక రహస్య సంఖ్యని మార్చకుండా వాడింది. 2010 డిసెంబరులో కొందరు రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి, స్కూలు బీజగణితంతో ప్రైవేట్ కీ లాగేశారు.

అవతలి కీ ఎవరిదో మనమే సరిచూసుకునే చోటూ ఒకటుంది. వాట్సాప్‌లో ఎవరి చాట్‌లోనైనా వాళ్ల పేరు నొక్కి, ఎన్‌క్రిప్షన్ తెరిస్తే 60 అంకెలు కనిపిస్తాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సరిచూసుకుంటే మధ్యలో ఎవరూ లేరని తేలుతుంది. నేను మా అన్నయ్యతో కూర్చుని చూశాను. మా వదిన మాకు పిచ్చి పట్టిందనుకుంది.

సంతకం సరిగ్గా ఉంటే పత్రం మంచిదని కూడా కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడ్డ తీరు చూడండి. అది పెట్టినవాడు బయటివాడు కాదు, రెండేళ్లకి పైగా సాయం చేసి నమ్మకం సంపాదించి, సొంత కీతో సంతకం చేసే స్థాయికి ఎదిగినవాడు. సంతకాలన్నీ సరైనవే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. 'ఎవరు', 'మారిందా' అన్న రెండు ప్రశ్నలకే సంతకం జవాబు. 'మంచిదేనా' అన్న మూడోదానికి మనిషి కావాలి.

ఇప్పుడు ఆధార్ ఈ-సైన్ వచ్చింది, డాంగిల్ గోల లేదు అంటున్నారు. నిజమే, అందులో కీ మన దగ్గర ఉండనే ఉండదు. ఓటీపీ కొట్టగానే సర్వీసు ఇచ్చేవాళ్ల యంత్రంలో ఒక కీ జత పుడుతుంది, సంతకం పెడుతుంది, చచ్చిపోతుంది. డ్రాయర్‌లో పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆలోచన నాకు నచ్చింది. అది మా ఆఫీసుకొచ్చిన మొదటి వారంలోనే నా నోట్లోంచి నెలకి నలభైసార్లు వచ్చే మాట ఒకటి పుట్టింది: "సార్, ఇప్పుడు మీకో ఓటీపీ వస్తుంది, కొంచెం చెప్తారా?" వాళ్లు చెప్పేవాళ్లు. దేనికి అని అడిగినవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ రోజు పెద్దాయన తన డాంగిల్ తీసుకుని, చీటీ నా చేతే చింపించి, ఇనప్పెట్టె తాళాల గుత్తికి తగిలించుకుని వెళ్లారు. పిన్ ఎలా మార్చాలో నేర్పించమన్నారు. నేర్పించాను. ఆ తర్వాత ప్రతి నెలా 20వ తారీఖు సాయంత్రం అయిదింటికి ఆయన స్వయంగా వచ్చేవారు. కండువా తీసి కీబోర్డు మీద పరిచి, దాని కింద ఒక్క వేలితో, అంకె అంకెకీ వెతుక్కుంటూ పిన్ కొట్టేవారు. అంతకుముందు రిటర్న్ నన్ను చదివి వినిపించమనేవారు. ఒకసారి కొనుగోళ్లలో నేను సున్నా ఒకటి ఎక్కువేస్తే ఆయనే పట్టుకున్నారు. మిగతా క్లయింట్లు చూసి నవ్వుకునేవాళ్లు.

నేను ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేస్తున్న రోజు, కొత్తగా చేరిన కుర్రాడికి డబ్బా అప్పజెప్పాను. లెక్కపెట్టి చూసుకోమన్నాను, రేపు మాట రాకుండా. రెండుసార్లు లెక్కపెట్టాడు. రిజిస్టర్‌లో '36 డిజిటల్ కీలు అందినవి' అని రాసి, పెన్ను విదిలించి, కింద సంతకం పెట్టాడు.